రెండో మడత

"తప్పు నాదే. క్షమించండి. ఇంకోసారి జరగదు."

అక్క తలుపు తోసుకుని లోపలికి వచ్చేసరికి తమ్ముడు ఆ మూడు మాటల్నీ గుక్క తిప్పుకోకుండా అంటున్నాడు. మేనేజరు బల్లకూ ఇనప బీరువాకూ మధ్య ఇరుకులో, నేల మీద, మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నాడు. రెండు అరచేతులూ చెవుల మీద ఉన్నాయి. ముప్పై ఒక్క ఏళ్ల మనిషి, ఆకుపచ్చ డ్యూటీ చొక్కాకు మెడ దాకా గుండీలు పెట్టుకున్న మనిషి, చలి పట్టినవాడిలా ముందుకీ వెనక్కీ ఊగుతున్నాడు.

"చూశావుగా! ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. అడిగానంతే. తనే ఒప్పుకున్నాడు," అన్నాడు మేనేజరు. అడిగానంతే అన్న మాట కూడా వరండా చివరిదాకా వినబడేలా అన్నాడు.

అక్క ఆస్పత్రి కుట్టు గదిలోంచి ఉన్నపళాన పరిగెత్తుకొచ్చింది, మెడలో కొలత టేపు అలాగే వేలాడుతోంది. గోడ దగ్గరికి వెళ్లి ట్యూబులైటు స్విచ్చి ఆపేసింది.

"ఏయ్, లైటెందుకు ఆపావ్?"

"ఆ రొద వాడికి పడదండి."

"ఏం రొద? నాకేం వినబడట్లేదే!"

"మీకు వినబడదండి. వాడికి చెవిలో తూనీగ దూరినట్టుంటుంది."

తమ్ముడికి మూరెడు దూరంలో నేల మీద కూలబడింది. తాకలేదు. తాకితే ఇంకా బిగుసుకుపోతాడు. తన చూపు కూడా అతని మీద పెట్టకుండా, బీరువా కాళ్లకేసి చూస్తూ కూర్చుంది. ఊగడం తగ్గింది. మాటలు పెదాల కదలికలయ్యాయి, ఆపైన అవీ ఆగాయి.

అప్పుడు చూసింది బల్ల మీద కాగితం. గుమాస్తా దస్తూరీలో నాలుగు వాక్యాలు. కింద తమ్ముడి సంతకం, కాపీ పుస్తకంలో దిద్దినట్టు ఏ అక్షరానికా అక్షరం విడివిడిగా.

విషయం ఆస్పత్రి మొత్తానికీ తెలుసు. పోయిన శుక్రవారం ఎనిమిదేళ్ల పిల్లకు మోకాలి ఆపరేషన్ జరిగింది. ఆదివారానికి కాలు చీము పట్టి, ఒళ్లు కాలిపోయి, పిల్ల సోయి తప్పింది. ఆపరేషన్‌కు వాడిన పరికరాలన్నీ పరీక్షకు పంపితే, పన్నెండింటిలో ఒకటైన, రక్తనాళాలు నొక్కిపట్టే క్లాంపు కీలులో పాత మురికి దొరికింది. దానికి ఆవిరి పట్టనే లేదు. ఆ పరికరాలను గుడ్డలో చుట్టి ప్యాక్ కట్టింది తమ్ముడు. ప్యాక్ చీటీ మీదా అతని సంతకమే.

"ఎల్లుండి విచారణ. పై ఆస్పత్రి నుంచి పెద్ద డాక్టరమ్మ వస్తుంది," అన్నాడు మేనేజరు. "ఆ పిల్లకు ఏమైనా అయిందా, ఈ కాగితం నేరుగా పోలీసులకు పోతుంది. నేను చేయగలిగేదేం లేదు."

తలుపు మెల్లగా తెరుచుకుంది. అక్క భర్త. ఆవిరి గది అని అందరూ పిలిచే స్టెరిలైజేషన్ విభాగానికి ఆయనే సూపర్‌వైజరు. ఐదేళ్ల కిందట నలుగురి కాళ్లావేళ్లా పడి తమ్ముణ్ణి ఆ గదిలో పనికి పెట్టించింది ఆయనే. రోజూ పొద్దున తన పక్కన బస్సులో కిటికీ సీటు ఇచ్చి తీసుకొచ్చేదీ ఆయనే. పద్నాలుగేళ్లలో బావమరిది మీద గొంతెత్తగా అక్క చూడలేదు.

"రారా చిన్నోడా, ఇంటికి పోదాం," అన్నాడాయన, ఎప్పటిలాగే నెమ్మదిగా.

తమ్ముడు లేచాడు. బావ పక్క నుంచి కాక, బల్ల చుట్టూ తిరిగి బయటికి నడిచాడు.

మధ్యాహ్నం గుమాస్తా కుట్టు గదికి ఒక ప్లాస్టిక్ సంచి తెచ్చాడు. సంచి మూతికి లక్క ముద్ర.

"ఆ ప్యాక్ చుట్టిన గుడ్డ. ఎక్కడైనా చిరుగు, చిల్లి ఉన్నాయేమో చూసి రాసివ్వమన్నారు. నా ఎదుటే విప్పాలి, నా ఎదుటే కట్టాలి."

కుట్టు గదిలో ఆ గుడ్డలన్నీ అక్క చేతిలో పుట్టినవే. రెండు పొరల ముదురాకుపచ్చ నూలు గుడ్డ, నలుపలకల కొలత, అంచు చుట్టూ రెండు వరసల కుట్టు. సంచిలోంచి తీసి కిటికీకి ఎదురుగా ఎత్తి పట్టింది. వెలుతురు ఎక్కడా సూదిమొన చుక్కలా కూడా రాలేదు. చిల్లి లేదు.

"లేదని రాసెయ్, పోతాను," అన్నాడు గుమాస్తా, కుర్చీలో కాళ్లు చాపుకుంటూ.

"ఉండండి, అంచులు చూడాలి."

పక్క బల్ల దగ్గర దుప్పట్లు ఇస్త్రీ చేస్తున్న ముసలామె, అందరికీ ఇస్త్రీ పిన్ని, పెట్టె పక్కన పెట్టి మెడ చాచింది. "చూడనీవయ్యా. నీ పెళ్లిచూపులా, తొందరపడి తల ఊపెయ్యడానికి?"

అక్క గుడ్డను బల్ల మీద పరిచింది. తడిమింది. వేళ్లు ఒక చోట ఆగాయి.

ప్యాక్‌ని చుట్టాక ఆటోక్లేవ్ అనే ఆవిరి యంత్రంలో పెడతారు. ఆవిరికి నూలు తడిసి, లోపలే ఆరుతుంది. ఎక్కడ మడిస్తే అక్కడ ఇస్త్రీ గీతలా కరుడు కట్టిన మడత పడుతుంది. ఆ గీతలు ఈ గుడ్డ మీద స్పష్టంగా ఉన్నాయి. ప్రతి మూలనూ లోపలికి మడిచి, కొసను మళ్లీ బయటికి చిన్న ముక్కోణంలా తిప్పిన గీతలు. తమ్ముడు దాన్ని చెవి అంటాడు. నర్సు ఆ చెవి పట్టుకుని లాగితే లోపలి గుడ్డకు చెయ్యి తగలకుండా ప్యాక్ విచ్చుకోవాలి. నాలుగు మూలలకూ నాలుగు చెవులు, ఒకే కొలతలో, స్కేలు పెట్టినట్టు. ఆవిరి గదిలో వాళ్లు అతనికి రూలుకర్ర అని పేరు పెట్టింది ఊరికే కాదు.

కానీ నాలుగో మూల మీద ఇంకో మడత ఉంది. మెత్తటిది. గోరుతో రాస్తే చెదిరిపోయేలా ఉంది. ఆవిరి చూడని మడత అది. చెవిని చదును చేసేసి, కొసను లోపలికి ఒకసారి, మళ్లీ ఇంకోసారి తిప్పి, అడుగుకు దోపిన మడత. పక్కనే ప్యాక్ మూసే టేపు జిగురు ఆనవాళ్లు. ఒకటి ఆవిరికి గట్టిపడి మెరుస్తోంది. దానికి అంగుళం దూరంలో ఇంకొకటి, నూలు పీచు అంటుకుని, పలచగా.

ఆవిరి పట్టాక ఎవరో ప్యాక్ విప్పారు. మళ్లీ చుట్టి, అదే టేపు ఊడదీసి అతికించారు.

"ఏంటే, అంతసేపు?" అంది పిన్ని.

"ఏం లేదు పిన్నీ."

కాగితం మీద రాసింది: గుడ్డకు చిరుగులు, చిల్లులు లేవు. అడిగింది అదే కదా. కింద సంతకం పెట్టి, గుడ్డను సంచిలో పెట్టి, లక్క కరుగుతుంటే చూస్తూ కూర్చుంది. తమ్ముడు కాదు. వాడు కాదు. ఆ సంతోషం నిండా ఒక నిమిషం కూడా నిలవలేదు. ఆ రెండు తిప్పుల మడతను తను ఎక్కడో చూసింది. ఎక్కడో ఏమిటి, రోజూ చూస్తోంది. ఎక్కడన్నది మాత్రం నాలుక చివర ఆగిపోయింది.

సాయంత్రం ఇంటికి వెళ్లి, వంటింటి గట్టు దగ్గర భర్త చేతిసంచి తెరిచింది. భోజనం డబ్బా తీసింది. డబ్బా చుట్టూ గళ్ల గుడ్డ. తిన్నాక ఆయన దాన్ని తనే చుట్టి తెస్తాడు. కొస లోపలికి రెండుసార్లు తిప్పి అడుగుకు దోపుతాడు. విప్పాలంటే గోరు పెట్టి పీకాలి. పద్నాలుగేళ్లుగా రోజూ గోరు పెట్టి పీకుతూనే ఉంది, విసుక్కుంటూనే ఉంది.

గోరు పెట్టింది. తియ్యలేకపోయింది. డబ్బాను అలాగే కొళాయి కింద పెట్టేసింది. గుడ్డతో సహా.

భోజనాల దగ్గర తమ్ముడు ఉడికిన గుడ్డులో తెల్లసొన ముందు తిని, పచ్చసొనను పళ్లెం అంచున పెట్టాడు. అతను తినేది ఎప్పుడూ అంతే, ఒకటి అయ్యాకే ఇంకోటి. భర్త అన్నం కలుపుతూ కలుపుతూ ఆగాడు.

"గురువారం నువ్వేం కంగారు పడకురా. నేను తలుపు దగ్గరే ఉంటాగా. వాళ్లు అడిగితే ఏం చెప్పాలి?"

"తప్పు నాదే. క్షమించండి. ఇంకోసారి జరగదు."

"అదీ. అంతకంటే ఒక్క ముక్క వద్దు."

"ఏవండీ," అంది అక్క. "పోలీసులంటున్నారు."

"వీడినేం చేస్తారే? డాక్టరిచ్చిన సర్టిఫికెట్టు ఉందిగా, ఆటిజం అని. మహా అయితే ఉద్యోగం పోతుంది. ఇంట్లో ఉంటాడు. మనం లేమూ? అదే ఇంకొకడి మీదకి వచ్చిందనుకో, జైలే. వాడి కుటుంబం రోడ్డున పడుతుంది." నీళ్లు తాగాడు. గ్లాసు కింద పెట్టేటప్పుడు పళ్లేనికి తగిలి ఖణేల్మంది. తమ్ముడు ఉలిక్కిపడ్డాడు. "నువ్వు మాత్రం వాణ్ణి ఆ సంగతులేవీ అడక్కు. పాపం, ఊరికే బెదిరిపోతాడు."

అడిగితే చెప్తాడు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. తమ్ముడికి దాచడం రాదు, నీళ్లు నమలడం రాదు. ఎవరు, ఎప్పుడు, ఎలా అని మెల్లగా అడిగితే, ఆ వరసలోనే చెప్తాడు. అందుకే అడగలేదు అక్క.

బుధవారం పొద్దున్నే ఆస్పత్రి మెట్ల మీదే కబురు తగిలింది. పిల్లకు కాలు తీసేశారు. తొడ మధ్య దాకా.

కుట్టు గదిలో మిషను తొక్కుతోంది కానీ దారం తెగిపోయిందని పది నిమిషాల దాకా గమనించలేదు. సూది ఉత్త చిల్లులు పొడుచుకుంటూ పోయింది. ఇస్త్రీ పిన్ని వచ్చి చక్రం మీద చెయ్యి పెట్టి ఆపింది.

"కింద వరండాలో ఆ పిల్ల తండ్రి కూర్చున్నాడే. పిల్లది ఒక కాలి చెప్పు చేతిలో పట్టుకున్నాడు. రెండో కాలిది ఎవరికిచ్చాడో ఏమో." పిన్ని ముక్కు చీదింది. "ఆవిరి గదివాళ్లు ఏమంటున్నారో తెలుసా? రూలుకర్ర విరిగిందట. నవ్వుతున్నారు ముదనష్టపోళ్లు. నేనన్నాను, ఒరేయ్, వాడు నా దుప్పటి మడత వెంట్రుకవాసి వంకరుంటే వెనక్కి పంపేవాడురా, వాడు మురికి క్లాంపు పంపాడంటే నేను నమ్మను, అని."

"మరి సంతకం పెట్టాడుగా పిన్నీ."

"పెడతాడు. మీద పడి అరిస్తే నేనూ పెడతాను. వాడికా తప్పు నాదే పాట ఎవరు నేర్పారో గానీ, వాళ్ల చేతులు విరగ!"

అక్క తల దించుకుని సూదిలోకి దారం ఎక్కించింది. మూడుసార్లు తప్పింది.

నేర్పింది తనే. తమ్ముడికి తొమ్మిదేళ్లు, తనకు పదిహేడు. స్కూల్లో మాస్టరు అరిస్తే చెవులు మూసుకుని బల్ల కింద దూరేవాడు, తన్ని బయటికి లాగేవాళ్లు. ఒక వేసవంతా అద్దం ముందు నిలబెట్టి నేర్పింది. ఎవరైనా అరిస్తే ఈ మూడూ చెప్పు, అరుపులు ఆగిపోతాయి. నేను చెయ్యలేదుగా అక్కా, అనేవాడు. చెయ్యకపోయినా చెప్పు, అది నమస్కారం లాంటిది, అంది. నిజంగానే అరుపులు ఆగాయి. ఇల్లంతా ఆమెను మెచ్చుకుంది.

సాయంత్రం ఇంట్లో భర్త ఇంకా రాలేదు. తమ్ముడు మంచం మీద బోర్లా పడుకుని దుప్పటి అంచును వేలితో నొక్కుతున్నాడు, విడుస్తున్నాడు.

"అక్కా."

"ఊఁ."

"ఇంకోసారి జరగదు అని చెప్పాను. పదహారుసార్లు చెప్పాను. జరగకుండా నేను ఎలా ఆపాలి?"

ఆమె చేతిలోని నీళ్ల గ్లాసు కింద పెట్టింది.

"నేను చేస్తే నేను ఆపగలను," అన్నాడు తమ్ముడు. "కానీ నేను..."

"ఇప్పుడొద్దురా."

"ఆ పిల్లకు కాలు తీసేశారని..."

"ఇప్పుడొద్దన్నానా!" అరిచింది. తనే అరిచింది.

తమ్ముడి చేతులు చెవుల మీదికి వెళ్లాయి. "తప్పు నాదే. క్షమించండి." పెదాలు తడబడ్డాయి. మూడో మాట రాలేదు. గోడవైపు తిరిగిపోయాడు.

గురువారం విచారణ గదిలో పొడవాటి బల్ల. ఒక వైపు పెద్ద డాక్టరమ్మ, నెరిసిన జుట్టు వెనక్కి బిగించి కట్టుకుంది. పక్కన మేనేజరు, గుమాస్తా. బల్ల మధ్యన లక్క ముద్ర సంచి. గోడవారగా కుర్చీలో అక్క, గుడ్డ గురించి రాసిచ్చినందుకు ఆమెను పిలిచారు. తలుపు దగ్గర చేతులు కట్టుకుని సూపర్‌వైజరు. బల్లకు ఇవతల ఒక్క కుర్చీలో తమ్ముడు, నెత్తి మీద జుయ్యిమనే లైటు కింద.

"ఆ క్లాంపు ప్యాక్‌లో పెట్టింది నువ్వేనా?" డాక్టరమ్మ అడిగింది.

ఆమె మామూలుగానే అడిగింది. తమ్ముడు నోరు తెరిచాడు. ఈలోగా మేనేజరు బల్ల మీద అరచేత్తో చరిచాడు.

"చెప్పవయ్యా! మొన్న నా దగ్గర ఒప్పుకున్నావుగా! పిల్ల కాలు పోయింది, తెలుసా నీకు?"

"తప్పు నాదే," అన్నాడు తమ్ముడు, చెవులు మూసుకుని. "క్షమించండి."

అందరూ ఎదురుచూశారు. తలుపు దగ్గర సూపర్‌వైజరు మెడ ముందుకు సాగింది. పెదాలు కదిలాయి, పిల్లలకు పాఠం అందించే మాస్టరులా.

"ఆ తర్వాతది?" అన్నాడు మేనేజరు.

తమ్ముడు చేతులు దించాడు. ఎవరి కళ్లలోకీ చూడడు అతను. ఇప్పుడూ చూడలేదు. అక్క చెప్పులకేసి చూస్తూ అన్నాడు. "మూడోది చెప్పలేను అక్కా. మొదటి రెండూ నమస్కారం లాంటివి అన్నావు. మూడోది అలా కాదు. ఇంకోసారి జరుగుతుంది. మళ్లీ ఎవరికో కాలు తీసేస్తారు."

లైటు రొద అక్కకు కూడా వినబడింది, పుట్టాక మొదటిసారి.

లేచింది. స్విచ్చి దగ్గరికి నడిచి లైటు ఆపింది.

"డాక్టరుగారూ, ఆ సంచి ఒక్కసారి విప్పించండి. గుడ్డ గురించి నేను రాసింది నిజమే గానీ, సగమే రాశాను."

"దీనికి మతి పోయిందండీ, రెండ్రోజుల్నుంచి తిండీ నీళ్లూ లేవు," తలుపు దగ్గర నుంచి భర్త అన్నాడు. నవ్వబోయాడు కూడా.

"మీరాగండి," అంది డాక్టరమ్మ. "విప్పమ్మా."

అక్క గుడ్డను బల్ల మీదే, కిటికీ వెలుతురు పడే చోట పరిచింది. గట్టి మడత చూపించింది, అది ఆవిరికి పడింది అంది. మెత్తటి మడత చూపించింది, ఇది ఆవిరి అయ్యాక పడింది అంది. జిగురు ఆనవాళ్లు రెండూ చూపించింది. డాక్టరమ్మ కళ్లజోడు ఎత్తి వంగి చూసింది, వేలితో తడిమింది. ఒకసారి కాదు, మూడుసార్లు తడిమింది.

"ఆపరేషన్ రోజే చుట్టిన గుడ్డలు ఇంకేమైనా ఉన్నాయా, పోల్చడానికి?"

"ఉంటాయి. అన్నిటికీ మా వాడి చెవులే ఉంటాయి, ఈ దోపుడు ఉండదు." అక్క ఊపిరి తీసుకుంది. "ఇంకోటండీ. తప్పు నాదే అనడం వీడికి నేర్పింది నేను. ఎవరు అరిచినా, ఎందుకు అరిచినా అంటాడు. మీ దగ్గరున్న కాగితం మీదున్నది వాడి మాట కాదు, నాది. వాణ్ణి ఇంతవరకూ ఎవరూ మామూలుగా అడగలేదు. నేనూ అడగలేదు. భయపడి."

మెత్తటి మడత మీద వేలు తియ్యకుండానే తమ్ముడి పక్కకు జరిగి, అతనిలాగే బల్లకేసి చూస్తూ నిలబడింది.

"శుక్రవారం ఈ ప్యాక్‌కి ఏమయిందిరా?"

"క్లాంపు ఒకటి కీలు బిగుసుకుంది," అన్నాడు తమ్ముడు వెంటనే, ఎన్నాళ్లనుంచో వరసలో నిలబడి ఉన్న మాటల్లా. "లోపల మురికి ఉండొచ్చు. మళ్లీ కడగాలని పక్కన పెట్టాను. పదకొండు పెట్టి, చీటీ మీద పదకొండు అని రాశాను. ఆవిరి పెట్టాం. టేపు నల్లబడింది, అంటే ఆవిరి పట్టింది. పది ఇరవైకి ఆపరేషన్ గది నుంచి ఫోను వచ్చింది. పన్నెండూ కావాలి, డాక్టరు తిడుతున్నాడు అన్నారు. ప్యాక్ విప్పారు. పక్కన పెట్టిన క్లాంపు పెట్టారు. కొత్త చీటీ మీద నన్ను సంతకం పెట్టమన్నారు. విప్పితే మళ్లీ ఆవిరి పెట్టాలి అన్నాను. అది రూలు. రెండుసార్లు అన్నాను. అరిచారు. చెవి దగ్గర అరిచారు. అరిస్తే చెప్పాల్సింది చెప్పాను. సంతకం పెట్టాను."

గుమాస్తా కలం ఆగిపోయింది. మేనేజరు తన అరచేతిని చూసుకుంటున్నాడు.

"విప్పింది ఎవరు?" డాక్టరమ్మ గొంతు ఇంకా తగ్గించింది.

"బావ."

"బావంటే? పేరు చెప్పు నాయనా. ఎవరు?"

తమ్ముడు అయోమయంగా అక్కవైపు తిరిగాడు. బావంటే బావే. అంతకుమించి ఏం చెప్పాలో అతనికి తెలియలేదు.

"ఇంటికెళ్లి మాట్లాడుకుందామే," అన్నాడు భర్త. ఆ గొంతు పొద్దున్నే బస్సులో కిటికీ సీటు చూపించే గొంతే. "ఒక్క మాట. ఒక్క మాట విను."

అక్క వేలు ఇంకా మెత్తటి మడత మీదే ఉంది. తీసింది. గుడ్డ అక్కడ మెల్లగా పైకి లేచింది.

"వాడికున్నది ఒక్కడే బావ డాక్టరుగారూ. ఈ ఆవిరి గది సూపర్‌వైజరు. నా మొగుడు. అదిగో, తలుపు దగ్గర నిలబడ్డాడు."